లారీల లెక్క, మనుషుల లెక్క: యుద్ధ ప్రాంతాల్లో సహాయక చర్యలను ఎలా అంచనా వేస్తారు?

యుద్ధ వార్తల్లో లారీల లెక్క తప్పకుండా వినిపిస్తుంది. ఇవాళ ఇన్ని లారీల ఆహారం సరిహద్దు దాటిందని ఒక పక్షం ప్రకటిస్తుంది. అదే బులెటిన్‌లో, పిల్లలు తిండి లేక చనిపోతున్నారని మరో పక్షం చెబుతుంది. మహబూబ్‌నగర్ జిల్లా గ్రంథాలయంలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే యువకులతో మాట్లాడేటప్పుడు ఈ విషయం తరచుగా చర్చకు వస్తుంటుంది. వారి ప్రశ్న సూటిగా ఉంటుంది: ఈ ఇద్దరిలో అబద్ధమాడుతున్నది ఎవరు? ఒక్కోసారి నిజంగానే ఎవరో ఒకరు అబద్ధమాడుతూ ఉండవచ్చు. కానీ చాలాసార్లు రెండు లెక్కలూ నిజమే. లెక్కపెట్టిన చోటే వేరు. ఈ తేడాను శాస్త్రీయంగా, రుజువులతో తేల్చే పనినే మానవతా సహాయ మూల్యాంకనం అంటారు. అది ఎలా జరుగుతుంది, ఎక్కడ చిక్కుబడుతుంది, దాని మీద నిపుణుల మధ్య ఉన్న విభేదాలేమిటి అన్నవి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. వీటన్నిటి కింద ఒకే ప్రశ్న ఉంది: సాయం అందనివారిని ఎవరు, ఎలా లెక్కపెడతారు?

లారీని ఎక్కడ నిలబడి లెక్కపెట్టారు?

ఒక పిండి బస్తా దాత దేశపు రేవులో బయలుదేరి తల్లి చేతిలో రొట్టె అయ్యేలోపు కనీసం ఐదు చోట్ల లెక్కకు వస్తుంది. సరిహద్దు తనిఖీ కేంద్రం దాటినప్పుడు ఒకసారి, అవతలి వైపు సహాయ సంస్థ లారీ దాన్ని ఎక్కించుకున్నప్పుడు ఒకసారి, గోదాములో దించినప్పుడు, పంపిణీ కేంద్రంలో ఇచ్చినప్పుడు, చివరికి ఇంట్లో వండినప్పుడు. ఈ మజిలీల మధ్య బస్తా ఆగిపోవచ్చు, దోపిడీకి గురి కావచ్చు, తడిసి పాడైపోవచ్చు, చెక్‌పోస్టు దగ్గర సాయుధుల వాటాగా పోవచ్చు.

గాజా విషయంలో 2025లో జరిగిన వాదం చాలావరకు ఈ మజిలీల మీదే. సరిహద్దు దగ్గర ప్రవేశించిన లారీలను ఇజ్రాయెల్ అధికారులు లెక్కపెట్టారు. లోపల తాము అందుకుని గమ్యానికి చేర్చగలిగిన సరుకును ఐక్యరాజ్యసమితి సంస్థలు లెక్కపెట్టాయి. రెండో లెక్క మొదటిదాని కంటే తక్కువగా ఉండటం సహజం. ఆ తేడాకు కారణం సంస్థల అసమర్థతా, సైనిక ఆంక్షలా, దారి దోపిడీలా అన్న చోట అసలు వివాదం మొదలవుతుంది. 2025 ఆగస్టు 22న ఐపీసీ అనే అంతర్జాతీయ ఆహార భద్రతా వర్గీకరణ వ్యవస్థ గాజా గవర్నరేట్‌లో కరువు నెలకొన్నదని నిర్ధారించింది. ఇజ్రాయెల్ ప్రభుత్వం ఆ నిర్ధారణను, దాని పద్ధతిని తిరస్కరించింది. ఐపీసీ పరిభాషలో కరువు అంటే వానలు లేకపోవడం కాదు. ప్రతి ఐదు కుటుంబాల్లో కనీసం ఒకదానికి తిండి దాదాపు పూర్తిగా కరవవడం, చిన్నపిల్లల్లో తీవ్ర పోషకాహార లోపం 30 శాతం దాటడం, ఆకలి వల్లనో ఆకలికి తోడైన జబ్బుల వల్లనో ప్రతి 10,000 మందిలో రోజుకు ఇద్దరు చనిపోవడం అనే మూడు కొలతలు దానికి ఆధారం. అంటే లారీల సంఖ్య ఈ నిర్వచనంలో ఎక్కడా లేదు.

మూల్యాంకనకర్తలు ఈ గొలుసును నాలుగు మెట్లుగా చూస్తారు: పెట్టిన వనరు, జరిగిన పని, దాని వల్ల మనుషుల స్థితిలో వచ్చిన మార్పు, దీర్ఘకాలంలో మిగిలిన ప్రభావం. ప్రకటనలన్నీ మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతాయి. మంచి మూల్యాంకనం మూడో మెట్టు ఎక్కడానికి తంటాలు పడుతుంది. నాలుగో మెట్టు దాకా వెళ్లగలిగినవి చాలా అరుదు.

ఆడిట్, పర్యవేక్షణ, మూల్యాంకనం ఒకటి కావు

ఈ మూడు మాటలను పత్రికల్లో ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. డబ్బు నిబంధనల ప్రకారం ఖర్చయిందా అని చూసేది ఆడిట్. అనుకున్న పని అనుకున్నట్టు సాగుతున్నదా అని రోజువారీగా చూసేది పర్యవేక్షణ. అసలు ఆ పని సరైనదేనా, అవసరమైనవారికి చేరిందా, దాని వల్ల ఏమి మారింది, చేయకపోతే ఏమయ్యేది అని అడిగేది మూల్యాంకనం. రసీదులన్నీ సక్రమంగా ఉండి, ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం కూడా రాని పథకం మూల్యాంకనంలో ఘోరంగా విఫలం కావచ్చు. వేడి ప్రాంతంలోని శిబిరానికి ఉన్ని దుప్పట్లు టెండరు నిబంధనలన్నీ పాటించి పంపడం అలాంటిదే.

యుద్ధ ప్రాంతం అన్న విశేషణం దీనికి మరో చిక్కు తెస్తుంది. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర వరదలు అలంపురాన్ని ముంచినప్పుడు సహాయక చర్యల్లో లోపాలు ఎన్ని ఉన్నా, అన్నం పొట్లాలను అడ్డుకోవడం వల్ల లాభపడే సైన్యం ఏదీ అక్కడ లేదు. యుద్ధంలో అలా కాదు. ఎవరికి తిండి చేరుతుంది, ఏ ఊరికి రోడ్డు తెరుస్తారు, శిబిరం ఎక్కడ పెడతారు అన్న ప్రతి నిర్ణయం పోరాడే పక్షాల్లో ఒకరికి మేలు, ఒకరికి కీడు చేస్తుంది. అందుకే మానవత, నిష్పక్షపాతం, తటస్థత, స్వతంత్రత అనే నాలుగు సూత్రాలను సహాయ సంస్థలు తమకు తాము విధించుకున్నాయి. వాటిని పాటించారా లేదా అన్నది కూడా మూల్యాంకనంలో భాగమే.

సామాజిక తనిఖీ తెలిసిన జిల్లాలకు ఇది కొత్త కాదు, కానీ అదే కాదు

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకానికి తోడుగా వచ్చిన సామాజిక తనిఖీని చూసిన తరానికి మూల్యాంకనంలోని కీలకం వేరే చెప్పనక్కర్లేదు. తనిఖీ బృందం మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని వాడవాడకూ తిరుగుతుంది. ఒక్కొక్క పేరూ చదువుతుంది. ఈ మనిషి పని చేశాడా, ఎన్ని రోజులు, చేతికి ఎంత వచ్చింది అని ఇంటి గడపలో అడుగుతుంది. ఆ పేరు గల మనిషి భార్యాపిల్లలతో కలిసి ముంబై పోయి చాలా కాలమైందని పక్కింటి ముసలమ్మ చెబుతుంది. వలసల జిల్లాగా పేరుపడ్డ పాలమూరులో దొంగ మస్టరును పట్టించడానికి ఆ ఒక్క మాట చాలు. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక జరుగుతుంది. ఫీల్డ్ అసిస్టెంటు, కూలీలు, అధికారులు ఒకే షామియానా కింద కూర్చుంటారు, వాంగ్మూలాలు అందరి ముందూ చదువుతారు.

ఇందులో మూడు మంచి లక్షణాలు ఉన్నాయి: కాగితాన్ని మనిషితో సరిచూడటం, లబ్ధిదారుడి మాటను సాక్ష్యంగా తీసుకోవడం, ఫలితాన్ని బహిరంగంగా చెప్పడం. మొదటి రెండింటిని మానవతా మూల్యాంకనం యథాతథంగా స్వీకరిస్తుంది. మూడోది మాత్రం యుద్ధ ప్రాంతంలో ప్రాణాంతకం కావచ్చు. బియ్యంలో సగం కమాండరు మనుషులు తీసుకుపోయారని పదిమంది ముందు చెప్పిన స్త్రీ ఆ రాత్రి ఏ గుడారంలో పడుకుంటుందో తనిఖీ చేసేవాడు ముందే ఆలోచించాలి. అందువల్ల సాక్షుల పేర్లు రాయరు, ఊరి పేరు కూడా కొన్నిసార్లు రాయరు, ఇంటర్వ్యూలు ఒంటరిగా జరుపుతారు. దాని మూల్యం ఏమిటంటే, నివేదిక చదివేవారు రుజువును స్వయంగా సరిచూసుకోలేరు. రాసినవారి నిజాయితీని నమ్మవలసి వస్తుంది.

కొలమానాలు ఎక్కడి నుంచి వచ్చాయి

సంపన్న దేశాల కూటమి అయిన ఓఈసీడీలోని అభివృద్ధి సహాయ కమిటీ 1991లో ఐదు కొలమానాలను సూచించింది: అవసరానికి తగినదేనా, లక్ష్యం నెరవేరిందా, ఖర్చుకు తగ్గ ఫలితం వచ్చిందా, ప్రభావం ఏమిటి, అది నిలుస్తుందా. ఇతర ప్రయత్నాలతో పొందిక ఉందా అన్న ఆరోది 2019లో చేరింది. ఇవి మొదట రోడ్లు, కాలువలు, బడులు కట్టే అభివృద్ధి పథకాల కోసం తయారైనవి. తుపాకుల మధ్య నెల రోజుల పాటు నడిచే క్షేత్ర ఆసుపత్రిని పట్టుకుని అది నిలుస్తుందా అని అడగడంలో అర్థం లేదని అనుభవం నేర్పింది. అందుకే సంక్లిష్ట అత్యవసర పరిస్థితుల కోసం 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో విస్తృతి, అనుసంధానం వంటివి వచ్చాయి. స్వల్పకాలిక సాయం దీర్ఘకాలిక సమస్యలను దృష్టిలో పెట్టుకుని జరిగిందా అన్నది అనుసంధానం. ప్రాణాపాయంలో ఉన్నవారందరికీ, వారెక్కడున్నా, సాయం చేరిందా అన్నది విస్తృతి. నా దృష్టిలో యుద్ధ ప్రాంతాల్లో మిగిలిన కొలమానాలన్నీ ఈ విస్తృతి తర్వాతే, ఎందుకంటే చేరిన చోట ఎంత గొప్పగా చేశారన్నది చేరని చోటును కనబడకుండా చేయగలదు.

ఇవి కాక సహాయ సంస్థలు కలిసి రాసుకున్న స్ఫియర్ అనే కనీస ప్రమాణాలు ఉన్నాయి: మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, తల దాచుకోవడానికి మనిషికి 3.5 చదరపు మీటర్లు. వీటిని చూడగానే నల్లగొండ పాఠకులకు ఒక సందేహం రావాలి. 15 లీటర్లు సరే, అవి ఎలాంటి నీళ్లు? లీటర్ల లెక్కలో ఏ లోటూ లేకుండానే ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాల తరాలు వంకర్లు పోయిన ఊళ్లు ఈ జిల్లాలో ఉన్నాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు నిలిచిపోయింది కూడా. స్ఫియర్ పుస్తకంలో నాణ్యత గురించీ ప్రమాణాలు ఉన్నాయి, కానీ క్షేత్ర నివేదికల పట్టికల్లో ముందుగా కనిపించేది పరిమాణమే. సులువుగా కొలవగలిగినదే ముఖ్యమైనదిగా మారిపోయే ధోరణి మూల్యాంకనానికి పాత జబ్బు.

ఒక శిబిరం, ఒక భాగహారం

సంక్షోభ తీవ్రతను కొలవడంలో అన్నిటికంటే గట్టి సూచిక మరణాల రేటు. ప్రతి 10,000 మందిలో రోజుకు ఒకరికి మించి చనిపోతుంటే దాన్ని అత్యవసర పరిస్థితిగా పరిగణించడం దశాబ్దాలుగా ఉన్న ఆనవాయితీ. ఐదేళ్ల లోపు పిల్లల విషయంలో ఆ గీత రెండు. లెక్క ఎలా వేస్తారో ఒక ఊహా శిబిరంతో చూద్దాం.

శిబిరంలో 12,000 మంది ఉన్నారనుకుందాం. పది రోజుల్లో 18 కొత్త సమాధులు లేచాయి. 12,000ను పదితో హెచ్చిస్తే 1,20,000 మనిషి-రోజులు. 18ని దానితో భాగించి 10,000తో హెచ్చిస్తే 1.5 వస్తుంది. గీత దాటింది, అత్యవసర చర్యలు పెంచాలి.

ఇప్పుడు అదే శిబిరంలో రేషన్ నమోదు పుస్తకం చూద్దాం. అందులో 20,000 పేర్లు ఉన్నాయి. కొన్ని కుటుంబాలు రెండుసార్లు నమోదయ్యాయి, కొందరు శిబిరం విడిచిపోయారు, కొన్ని పేర్లు శిబిర పెద్దలు రాయించినవి. అవే 18 మరణాలను ఈ సంఖ్యతో లెక్కిస్తే రేటు 0.9కి పడిపోతుంది. గీత దాటలేదు. అదనపు వైద్యులు రారు. మరో మెట్టు కిందికి దిగుదాం: ఇంట్లో ఒకరు చనిపోయారని చెబితే వారి వంతు రేషన్ ఆగిపోతుందన్న భయంతో ఎనిమిది కుటుంబాలు మరణాన్ని దాచాయనుకుంటే, అధికారిక లెక్కలో మరణాలు 10, రేటు 0.5. ఒక్క మనిషి కూడా తక్కువ చనిపోలేదు, కానీ కాగితం మీద సంక్షోభం మూడో వంతుకు తగ్గింది. అనుభవజ్ఞులైన మూల్యాంకనకర్తలు అందుకే రేషన్ పుస్తకంతో తృప్తిపడక సమాధులు లెక్కపెడతారు, గుడారాలను ఉపగ్రహ చిత్రాల్లో చూస్తారు, శవాలకు స్నానాలు చేయించే, గోతులు తవ్వే మనుషులతో మాట్లాడతారు.

ఇంటింటి సర్వేకూ దాని లోపం దానికి ఉంది. కుటుంబం మొత్తం తుడిచిపెట్టుకుపోయిన ఇంట్లో జవాబు చెప్పేవారే మిగలరు కాబట్టి, ఘోరం ఎక్కువగా జరిగిన చోటే లెక్క తక్కువగా వస్తుంది. ఇక సాధారణ రోజుల్లో ఎంతమంది చనిపోయేవారన్న పోలిక సంఖ్య మీద తగాదాలు ఏళ్ల తరబడి సాగుతాయి. కాంగో యుద్ధంలో 1998 నుంచి 2007 వరకు 54 లక్షల అదనపు మరణాలు సంభవించాయని ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ అనే సహాయ సంస్థ సర్వేల ఆధారంగా అంచనా వేసింది. సాధారణ మరణాల రేటుగా ఆ సంస్థ సహారా దిగువ ఆఫ్రికా సగటును తీసుకున్నదని, కాంగోలో యుద్ధానికి ముందే పరిస్థితి అంతకంటే అధ్వానమని, కనుక యుద్ధం ఖాతాలో ఎక్కువ రాశారని విమర్శకులు వాదించారు. సర్వేలను సమర్థించినవారు, పోలిక సంఖ్యను ఎంత మార్చినా అది మహా విపత్తే కదా అన్నారు. రెండు వాదాల్లోనూ బలం ఉంది. కానీ సాయం వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో చెప్పాలనుకునేవారికి ఈ పోలిక సంఖ్య తప్పించుకోలేని చిక్కు.

వన్నిలో ఎంతమంది ఉన్నారు?

మనుషుల సంఖ్యను ఉద్దేశపూర్వకంగా తక్కువ చెబితే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. శ్రీలంక యుద్ధం చివరి నెలల్లో, 2009 ఆరంభంలో, ఉత్తరాన వన్ని ప్రాంతంలో చిక్కుకుపోయిన పౌరులు 70,000 వరకే ఉంటారని అక్కడి ప్రభుత్వం చెబుతూ వచ్చింది. క్షేత్రంలోని అధికారులు, సహాయ సంస్థల అంచనా దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. యుద్ధం ముగిసేనాటికి ప్రభుత్వ శిబిరాలకు చేరినవారే 2,80,000 దాటారు. ఆహారం, మందులు పంపేది తలల లెక్క మీద కాబట్టి, లెక్క తగ్గితే ఓడలో ఎక్కే బస్తాలు తగ్గుతాయి. అంకె ఇక్కడ ఆయుధంగా పనిచేసిందని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నియమించిన నిపుణుల బృందం 2011 నివేదికను చదివితే అర్థమవుతుంది. అదే నివేదిక ఎల్టీటీఈ పౌరులను తప్పించుకుపోనివ్వకుండా రక్షణ కవచంగా వాడుకున్నదన్న ఆరోపణ కూడా నమ్మదగినదేనని తేల్చింది. శ్రీలంక ప్రభుత్వం ఆ నివేదికను అంగీకరించలేదు.

మరుసటి ఏడాది, 2012 నవంబరులో, ఐక్యరాజ్యసమితి మాజీ అధికారి చార్లెస్ పెట్రీ నాయకత్వంలోని అంతర్గత సమీక్షా బృందం ఐక్యరాజ్యసమితి సొంత పనితీరును పరిశీలించింది. 2008 సెప్టెంబరులో అంతర్జాతీయ సిబ్బంది వన్ని నుంచి వైదొలగడం, తమ దగ్గరున్న మరణాల సమాచారాన్ని గట్టిగా బయటపెట్టకపోవడం, ప్రభుత్వం అనుమతులు ఆపేస్తుందన్న భయంతో మెత్తబడటం, ఇవన్నీ కలిపి ఒక వ్యవస్థాగత వైఫల్యమని ఆ బృందం తేల్చింది. ఇక్కడ గమనించదగినది ఒకటుంది. శిబిరాల్లో నీళ్లు, గుడారాలు, టీకాలు ఎలా ఇచ్చారన్న కొలమానాలతో మాత్రమే చూసి ఉంటే ఈ వైఫల్యం నివేదికకు ఎక్కేదే కాదు.

గోమాలో తిండి తిన్నవారు ఎవరు?

ఈ రంగంలో అందరూ ముందుగా చదివేది రువాండా సంయుక్త మూల్యాంకనం. 1994లో రువాండాలో టుట్సీల జాతిసంహారం జరిగిన తర్వాత, జూలైలో లక్షలాది హుటూ శరణార్థులు సరిహద్దు దాటి అప్పటి జైర్ (ఇప్పటి కాంగో) లోని గోమా చేరారు. లావా రాయి నేల కావడంతో మరుగుదొడ్లకు గుంత తవ్వడం కూడా సాధ్యం కాలేదు. కలరా, ఆ వెంటే రక్తవిరేచనాలు వ్యాపించి మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది చనిపోయి ఉంటారని అంచనా. సహాయ సంస్థలు పెద్ద ఎత్తున దిగాయి; మరణాల రేటు కొద్ది వారాల్లోనే బాగా తగ్గింది. ఇంతవరకు చూస్తే అది విజయం.

అయితే ఆ శిబిరాలను నడిపింది జాతిసంహారానికి పాల్పడిన పాత ప్రభుత్వ సైనికులు, మిలీషియాలు. రేషన్ పంపిణీ వారి మనుషుల చేతుల మీదుగానే జరిగింది. పేర్ల జాబితాలు వారివే. మిగులు తిండితో వారు బలపడ్డారు. సరిహద్దు లేని డాక్టర్ల సంస్థ ఎంఎస్ఎఫ్‌లో ఫ్రెంచి విభాగం 1994 నవంబరులో ఇక ఇందులో ఉండలేమని వైదొలగింది. అదే సంస్థకు చెందిన మరికొన్ని విభాగాలు, పిల్లలూ తల్లులూ ఉన్న చోట వదిలిపోవడం ఎలా అని కొంతకాలం కొనసాగాయి. ఎవరిది సరైన నిర్ణయమన్నదాని మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఉండిపోయినవారిని తప్పుపట్టడం నాకు సాధ్యం కాదు. వెళ్లిపోయినవారు లేవనెత్తిన ప్రశ్నను పక్కకు పెట్టడమూ సాధ్యం కాదు.

1996లో వెలువడిన సంయుక్త మూల్యాంకనం ఐదు సంపుటాల్లో ఈ మొత్తాన్ని పరిశీలించి, రాజకీయ చర్య తీసుకోవలసిన చోట ప్రభుత్వాలు మానవతా సాయాన్ని దానికి బదులుగా వాడుకున్నాయని తేల్చింది. శిబిరాల నుంచి సాయుధులను వేరు చేయడం డాక్టర్లు, వంటవాళ్లు చేయగల పని కాదు. ఈ మూల్యాంకనం తర్వాతి ఏడాదే స్ఫియర్ ప్రయత్నం, మూల్యాంకనాల నుంచి పాఠాలు సేకరించే అల్నాప్ అనే వేదిక పుట్టాయి.

దొంగతనం బయటపడితే సాయం ఆపాలా?

ఆచరణలో అన్నిటికంటే కష్టమైన విభేదం ఇక్కడ ఉంది. 2019 జూన్‌లో ప్రపంచ ఆహార కార్యక్రమం, హూతీ తిరుగుబాటుదారుల అధీనంలోని యెమెన్ రాజధాని సనాలో ఆహార పంపిణీని పాక్షికంగా నిలిపివేసింది. లబ్ధిదారుల గుర్తింపు మీద నియంత్రణ లేదని, సరుకు దారిమళ్లుతున్నదని కారణం చూపింది. దాదాపు 8,50,000 మంది మీద దాని ప్రభావం పడింది. పోషకాహార లోపం ఉన్న పిల్లలకు, గర్భిణులకు ఇచ్చేది మాత్రం కొనసాగింది. ఒప్పందం కుదిరాక ఆగస్టులో పంపిణీ తిరిగి మొదలైంది. ఇథియోపియాలో 2023లో అమెరికా సహాయ సంస్థ, ప్రపంచ ఆహార కార్యక్రమం ఇంకా పెద్ద ఎత్తున, నెలల తరబడి ఆహార సాయాన్ని ఆపేశాయి.

ఆపడాన్ని సమర్థించేవారి వాదన ఇది: దారిమళ్లిన ప్రతి బస్తా యుద్ధాన్ని పొడిగిస్తుంది, పన్ను కట్టే ప్రజల నమ్మకం పోతే రేపు ఎవరికీ ఏమీ ఉండదు, గట్టిగా నిలబడితే తప్ప సాయుధ వర్గాలు దారికి రావు. వ్యతిరేకించేవారు అడిగేది వేరు: దొంగిలించినవాడు ఎప్పుడూ ఆకలితో ఉండడు, ఆపినప్పుడు ముందుగా కుప్పకూలేది జాబితా చివర ఉన్న వితంతువు, మరి ఆపడం వల్ల జరిగిన నష్టాన్ని ఎవరి ఖాతాలో రాస్తారు? సాయం చేయడం వల్ల వచ్చిన ఫలితాలను మూల్యాంకనాలు కొలుస్తాయి గానీ, సాయం ఆపడాన్ని కూడా ఒక చర్యగా తీసుకుని దాని పర్యవసానాన్ని అంతే శ్రద్ధగా కొలిచినవి తక్కువ. సోమాలియా ఇందుకు ఉదాహరణ. 2011 జూలై 20న అక్కడ కరువు ప్రకటించారు. అప్పటికే మే నెల నుంచి మరణాలు తారస్థాయిలో ఉన్నాయి. అల్ షబాబ్ అనే సాయుధ సంస్థ తన ప్రాంతాల్లో సంస్థలను నిషేధించడం ఒక కారణమైతే, ఉగ్రవాద సంస్థ చేతికి సాయం పోకూడదన్న అమెరికా చట్టాల భయంతో నిధులు తగ్గిపోవడం మరొకటి. 2010 అక్టోబరు నుంచి 2012 ఏప్రిల్ వరకు సుమారు 2,58,000 మంది అదనంగా చనిపోయారని, వారిలో సగానికి పైగా ఐదేళ్ల లోపు పిల్లలని 2013లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది.

సోమాలియా వంటి చోట్ల మూల్యాంకనకర్త స్వయంగా అడుగు పెట్టలేడు. స్థానిక సర్వేయర్లను పంపుతారు, ఫోన్లో అడుగుతారు, పంపిణీ ఫొటోల్లోని స్థలాన్ని, తేదీని సరిచూస్తారు. ఫోన్ ఉన్నవాడి మాటే వినబడుతుందన్నది ఈ పద్ధతి లోపం. ప్రాణాలకు తెగించి వెళ్లే ఆ స్థానిక సర్వేయరు పేరు నివేదికలో ఉండదు, బీమా సంగతి చెప్పనే అక్కర్లేదు.

శిబిరమే లేనివారి సంగతి

ఛత్తీస్‌గఢ్‌లో 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలైన తర్వాత ఊళ్లు విడిచి గోదావరి వైపు అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ ఆదివాసులు తెలుగు పాఠకులకు తెలియనివారు కారు. సల్వాజుడుంలోని సాయుధ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, వచ్చినవారికి శిబిరం లేదు, శరణార్థి అన్న హోదా లేదు. స్వదేశంలోనే నిర్వాసితులైనవారికి ప్రత్యేకించి మన దేశంలో చట్టం లేదు. నమోదు లేని చోట పంపిణీ లేదు, పంపిణీ లేని చోట మూల్యాంకనం చేయడానికి ఏమీ లేదని ఏ సంస్థ అయినా సులువుగా చెప్పేయవచ్చు. విస్తృతి అనే కొలమానం అడిగేది సరిగ్గా ఇలాంటివారి గురించే. మణిపుర్‌లో 2023 హింస తర్వాత పరిస్థితి కొంత భిన్నం: అక్కడ సహాయ శిబిరాలు వెలిశాయి, వాటిని పరిశీలించడానికి ఆ ఏడాది ఆగస్టులో జస్టిస్ గీతా మిట్టల్ నాయకత్వంలో ముగ్గురు మాజీ మహిళా న్యాయమూర్తుల కమిటీని సుప్రీంకోర్టే నియమించింది.

నివేదిక ఎవరిది, ఎవరు చదువుతారు?

మూల్యాంకనానికి డబ్బు ఇచ్చేది సాధారణంగా సాయం చేసిన సంస్థో, దానికి నిధులిచ్చిన ప్రభుత్వమో. తన పనిని తనే డబ్బిచ్చి పరీక్ష చేయించుకునే ఈ ఏర్పాటు మీద అనుమానాలు సహజం. దీనికి మార్గంగా పలు ఐక్యరాజ్యసమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి స్వతంత్ర బృందం చేత చేయించే అంతర సంస్థల మూల్యాంకనాలు వచ్చాయి. దక్షిణ సూడాన్, యెమెన్, ఇథియోపియా మీద అలాంటివి వెలువడ్డాయి. నివేదికతో పాటు యాజమాన్యం ఇచ్చే జవాబును కూడా ప్రచురించడం ఇప్పటి పద్ధతి.

ప్రచురించడం చిన్న విషయంగా కనిపించవచ్చు. హైదరాబాద్ రాజ్యవాసులకు మాత్రం అది చిన్న విషయం కాదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన తర్వాత జరిగిన హింసను పరిశీలించడానికి పండిత్ సుందర్‌లాల్ బృందం ఆ ఏడాది చివర్లో రాష్ట్రంలో పర్యటించింది. 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయి ఉంటారని, ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో పరిస్థితి మరీ దారుణమని రాసింది. కేంద్ర ప్రభుత్వంలో సర్దార్ పటేల్ దాన్ని అంగీకరించలేదు. అంకెల మీద, వాటి ఆధారాల మీద చర్చ అప్పుడే బహిరంగంగా జరిగి ఉంటే సరిచూడటానికి సాక్షులు సజీవంగా ఉండేవారు. నివేదిక పూర్తి పాఠం పరిశోధకులకు ఢిల్లీలో అందుబాటులోకి వచ్చేసరికి 2013 అయింది.

ప్రచురించిన నివేదికలనైనా ఎంతవరకు పాటిస్తున్నారు అంటే, జవాబు రెండు ముక్కలుగా ఉంటుంది. నీటి ప్రమాణాలు, నమోదు పద్ధతులు, నగదు బదిలీ, ఫిర్యాదుల ఏర్పాటు వంటి సాంకేతిక సిఫారసులు నెమ్మదిగానైనా అమలవుతున్నాయి. గోమా నాటి శిబిరానికీ నేటి శిబిరానికీ వీటిలో తేడా కనబడుతుంది. రాజకీయ నిర్ణయాలకు సంబంధించినవి మాత్రం అలాగే మిగిలిపోతున్నాయి. రువాండా మూల్యాంకనం 1996లో వచ్చింది, శ్రీలంక మీద పెట్రీ నివేదిక 2012లో. 2019లో ఐక్యరాజ్యసమితి నియమించిన గెర్ట్ రోసెన్‌తాల్ మయన్మార్‌లో ఐక్యరాజ్యసమితి పాత్రను, రోహింగ్యాలు లక్షల సంఖ్యలో దేశం విడిచిన కాలంతో కలిపి, సమీక్షించి, అక్కడి వైఫల్యానికి కూడా వ్యవస్థాగతమైనదన్న పేరే పెట్టారు.